జర్మన్ స్పెల్లింగును ఒక దారికి తెచ్చిన హెడ్‌మాస్టర్: కాన్రాడ్ డూడెన్ జీవితం, ఉద్యోగం, ఒక నిఘంటువు

క్లుప్తంగా: జర్మన్ మాట్లాడే దేశాల్లో 'డూడెన్' అంటే నిఘంటువు. ఆ పేరున్న మనిషి మాత్రం వృత్తిరీత్యా నిఘంటుకారుడు కాదు, విశ్వవిద్యాలయ ఆచార్యుడూ కాదు. 1869 నుంచి 1905 వరకు, 36 ఏళ్లపాటు రెండు చిన్న ఊళ్లలో గిమ్నాజియం అనే ఉన్నత పాఠశాలలకు ప్రధానోపాధ్యాయుడు. తన బడిలో ఉపాధ్యాయులు ఒక్కొక్కరు ఒక్కో రకంగా స్పెల్లింగు దిద్దడం ఆయన ముందున్న సమస్య. ప్రభుత్వాలు తేల్చలేకపోయిన ఆ సమస్య ఒక మార్కు (అప్పటి జర్మన్ నాణెం) ధర పెట్టిన 187 పేజీల పుస్తకంతో ఎలా తేలింది, ఆ పుస్తకానికి తర్వాత చట్టమంతటి బలం ఎలా వచ్చింది అన్నది ఈ వ్యాసం విషయం.

ఎంఎస్ కోసమో ఉద్యోగం కోసమో జర్మనీ వెళ్లాలని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జర్మన్ నేర్చుకునే తెలుగు విద్యార్థికి మొదటి కొన్ని వారాల్లోనే ఈ పేరు ఎదురవుతుంది. ఒక మాట స్పెల్లింగు మీద అనుమానం వస్తే "డూడెన్‌లో ఎలా ఉందో చూడండి" అంటారు. అక్కడితో వాదన ఆగిపోతుంది. దీన్నిబట్టి చాలామంది డూడెన్ ఒక ప్రభుత్వ సంస్థ అనుకుంటారు. ఇంకొందరు అందులో ఉన్నదే చట్టం అనుకుంటారు. డూడెన్ ఎవరో మహా భాషాశాస్త్రవేత్త అయి ఉంటాడని మరికొందరి ఊహ. మొదటిది నిజం కాదు. రెండోది పశ్చిమ జర్మనీ బడుల్లో 1955 తర్వాత కొన్ని దశాబ్దాలపాటు దాదాపు నిజం, ఇప్పుడు కాదు. మూడో ఊహే ఆయన్ని అర్థం చేసుకోవడానికి ఎక్కువ అడ్డం. ఆయన చేసిన పని విలువ తెలియాలంటే ఆయన కూర్చున్న కుర్చీ ఏమిటో ముందు తెలియాలి.

ఒకే బడిలో ఎన్ని రాతలు

'చేశాడు' అని రాయాలా, 'చేసాడు' అని రాయాలా? 'వ్రాయడం' సరైనదా, 'రాయడం' సరైనదా? తెలుగులో ఈ ప్రశ్నలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే జవాబు చెప్పకపోవచ్చు. పత్రికలు కూడా తలోదారిలో వెళ్తాయి. అయినా పిల్లవాడి మార్కులు దాని మీద పెద్దగా ఆధారపడవు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి జంటలు పదో పాతికో కాక వేల సంఖ్యలో ఉండి, వాటి మీదే పరీక్ష దిద్దుతారనుకుంటే 19వ శతాబ్దపు జర్మన్ బడి పరిస్థితి కళ్లకు కడుతుంది.

కొన్ని మాటలు దగ్గరగా చూస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది. జర్మన్‌లో లోయను 'టాల్' అంటారు. దాన్ని టి తర్వాత ఒక హెచ్ చేర్చి రాసేవారు. తలుపు (ట్యూర్), జంతువు (టీర్), భాగం (టైల్), కన్నీరు (ట్రేనె) అనే మాటల్లోనూ అదే హెచ్. దానికి ఉచ్చారణ లేదు. కొందరు ఉంచేవారు, కొందరు తీసేసేవారు. లాటిన్ నుంచి వచ్చిన మాటలను సి అక్షరంతో రాయాలా, లేక పలికేదాన్నిబట్టి కె, జెడ్‌లతో రాయాలా అన్నది ఇంకో తగాదా. 'రెగీరెన్' (పరిపాలించు) వంటి క్రియల చివర ఐ ఒక్కటే చాలా, ఐ, ఇ రెండూ కావాలా అన్నది మరొకటి.

ఒకే బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు గానీ, ఒకే అచ్చు కార్యాలయంలో ఇద్దరు ప్రూఫ్ రీడర్లు గానీ అన్ని మాటల దగ్గరా ఏకాభిప్రాయంతో ఉండేవారు కాదని, తేల్చి చెప్పే అధికారం ఉన్నవారు ఎవరూ లేరని డూడెన్ తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. ఆయన పేర్కొన్నవి రెండే చోట్లు: బడి, అచ్చు కార్యాలయం. స్పెల్లింగు తేడా వల్ల పని ఆగిపోయేది ఆ రెండు చోట్లే. ఇంట్లో ఉత్తరం రాసుకునేవాడికి ఏ రాతైనా ఒకటే. ఆయన ఆలోచన ఎటు సాగిందో ఈ ఎంపికలోనే కనిపిస్తుంది.

అప్పటికే ఎక్కడికక్కడ మరమ్మతులు జరిగాయి. హనోవర్ 1855లో తన బడులకు నియమాలు పెట్టుకుంది. వ్యుర్టెంబెర్గ్ 1861లో అదే పని చేసింది. బెర్లిన్ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల సంఘం 1871లో సొంత నియమావళి వేసింది. ఇవి ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో గందరగోళాన్ని తగ్గించాయి. ప్రాంతాల మధ్య తేడాలను మాత్రం మరింత గట్టిపరిచాయి. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడి రాజ్యాలన్నీ ఒక్కటైనా చదువు వ్యవహారం ఆయా రాజ్యాల చేతుల్లోనే ఉండిపోయింది. నాణెం ఒకటైంది, తూనికలు ఒకటయ్యాయి, బడిపిల్లవాడి కాపీ పుస్తకం మాత్రం సరిహద్దు దాటితే తప్పులతడక.

గిమ్నాజియం అంటే వ్యాయామశాల కాదు

గ్రీకు మాట ఇంగ్లిష్‌లో వ్యాయామశాల వైపు వెళ్లింది, జర్మన్‌లో బడి వైపు వెళ్లింది. జర్మనీలో గిమ్నాజియం అంటే విశ్వవిద్యాలయానికి దారి తీసే ఉన్నత పాఠశాల. డూడెన్ కాలంలో అది తొమ్మిదేళ్ల చదువు. సుమారు పదేళ్ల వయసులో 'సెక్స్టా' అనే తరగతిలో చేరి, పై తరగతి 'ప్రీమా' దాకా వెళ్లాలి. చివర 'ఆబిటూర్' అనే పరీక్ష. జర్మన్ రాజ్యాల్లో అతి పెద్దదైన ప్రష్యాలో ఈ పరీక్ష 1788లో మొదలైంది. 1834 నుంచి అది గట్టెక్కితేనే విశ్వవిద్యాలయంలో పూర్తి హోదాతో చేరనిచ్చారు. మిగతా రకాల ఉన్నత పాఠశాలలకు ప్రష్యాలో సమాన హోదా 1900లో గానీ రాలేదు. డాక్టరు కావాలన్నా, న్యాయమూర్తి కావాలన్నా, పాస్టరు కావాలన్నా దారి ఈ బడి గడప మీదుగానే.

అక్కడ ఏం చెప్పేవారో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1882 నాటి ప్రష్యా పాఠ్యప్రణాళికలో తొమ్మిదేళ్ల వారపు పీరియడ్లన్నీ కూడితే లాటిన్‌కు 77, గ్రీకుకు 40 వస్తాయి. సొంత భాష జర్మన్‌కు 21. లాటిన్‌లో ఒక విభక్తి తప్పితే నియమం చూపించి దిద్దగలిగిన ఉపాధ్యాయుడు, జర్మన్‌లో ఒక హెచ్ దగ్గర నియమం చూపించలేకపోయేవాడు. రెండు వేల ఏళ్ల నాటి భాషకు స్థిరమైన రాత ఉంది, మాతృభాషకు లేదు. గిమ్నాజియం ఉపాధ్యాయుల్లో ఇది కలిగించిన అసంతృప్తి చిన్నదేమీ కాదు.

ఆ ఉపాధ్యాయుల స్థాయి కూడా వేరు. 1810 నుంచి ప్రష్యాలో గిమ్నాజియంలో పాఠం చెప్పాలంటే ప్రత్యేక రాజ్య పరీక్ష నెగ్గాలి. ఆచరణలో విశ్వవిద్యాలయంలో చదివినవారే దాన్ని నెగ్గేవారు. డాక్టరేట్ ఉన్నవారు బడిలో పనిచేయడం సర్వసాధారణం. హెడ్‌మాస్టర్‌ను 'డిరెక్టర్' అనేవారు. ఆయన పాఠాలు చెప్తాడు, పరీక్షలు నడుపుతాడు, పై అధికారులకు జవాబు చెప్తాడు, ఊళ్లో పెద్దమనిషిగా నిలబడతాడు.

ఇంకో ఏర్పాటు ఈ కథకు కీలకం. ప్రష్యాలో 1824 నుంచి ప్రతి గిమ్నాజియం ఏటా ఒక చిన్న పుస్తకం అచ్చువేయాలి. దాని పేరు 'షూల్‌ప్రోగ్రామ్'. అందులో ఆ ఏడాది తరగతులు, విద్యార్థులు, ఫలితాల వివరాలతో పాటు హెడ్‌మాస్టరో ఒక ఉపాధ్యాయుడో రాసిన పరిశోధన వ్యాసం ఉండాలి. ఈ పద్ధతి మిగతా జర్మన్ రాజ్యాలకూ పాకింది. బడులు ఈ పుస్తకాలను ఒకరికొకరు పంపుకునేవి. అంటే మారుమూల ఊరి హెడ్‌మాస్టర్‌కు కూడా దేశమంతా చదివే ఒక వేదిక ఉద్యోగంతో పాటే వచ్చేది. మన దగ్గర పాఠశాల వార్షిక సంచికకు ఇంత స్థాయి ఎప్పుడూ లేదు కాబట్టి దీని బలాన్ని తక్కువ అంచనా వేసే ప్రమాదం ఉంది. డూడెన్ నిఘంటువు విత్తనం పడింది ఇలాంటి ఒక పుస్తకంలోనే.

హెడ్‌మాస్టర్ కుర్చీకి ముందు

కాన్రాడ్ డూడెన్ 1829 జనవరి 3న రైన్ నది దిగువ ప్రాంతంలో, వేజెల్ పట్టణం దగ్గర పుట్టాడు. వేజెల్ గిమ్నాజియంలో 1846లో ఆబిటూర్ నెగ్గి, బాన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర, జర్మన్, ప్రాచీన భాషలు చదవడానికి చేరాడు. రెండేళ్లకే యూరప్‌లో 1848 విప్లవాలు వచ్చాయి. విద్యార్థి సంఘంతో కలిసి ఆయన కూడా ఆ ప్రదర్శనల్లో నడిచాడు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది రావడంతో చదువు మధ్యలో ఆపి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక సంపన్న కుటుంబంలో పిల్లలకు ట్యూషన్ మాస్టారుగా చేరాడు. చదువును మళ్లీ అందుకుని 1854లో రాజ్య పరీక్ష నెగ్గాడు. అదే ఏడాది మార్‌బుర్గ్‌లో సోఫొక్లీస్ నాటకం 'ఆంటిగొనె' మీద పరిశోధనకు డాక్టరేట్ వచ్చింది.

జోస్ట్ అనే ఊళ్లో ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టి, దాన్నీ వదిలి ఇటలీ వెళ్లాడు. 1859 దాకా జెనోవాలో మళ్లీ ఇంటి మాస్టారు ఉద్యోగమే. మెస్సీనాలోని జర్మన్ కాన్సుల్ కూతురు ఆడెలీనె యాకోబ్ పరిచయమైంది ఇటలీలోనే. 1861లో పెళ్లి, తర్వాత ఆరుగురు పిల్లలు.

ఈ ఇటలీ ఏళ్లను జీవితచరిత్రల్లో రెండు వాక్యాల్లో దాటేస్తుంటారు. అది సరికాదు. ఇటాలియన్ రాత దాని ఉచ్చారణకు చాలా దగ్గర. తెలుగు చదవడం వచ్చినవాడు తెలియని తెలుగు మాటనైనా పలకగలిగినట్టు, ఇటాలియన్ రాత చూసి చాలావరకు తప్పులేకుండా పలకవచ్చు. అలాంటి భాష మధ్య ఐదేళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాడికి, తన భాషలో పలకని అక్షరాల గుంపు ఎంత అనవసరమైన బరువో పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని ఉండదు. 'పలికినట్టు రాయాలి' అన్న పక్షం వైపు ఆయన తర్వాత మొగ్గిన తీరుకు ఈ నేపథ్యం అతికినట్టు సరిపోతుంది.

1859లో జోస్ట్‌కు తిరిగి వచ్చి అక్కడి గిమ్నాజియంలో పదేళ్లు పనిచేశాడు. 40 ఏళ్ల వయసులో, 1869లో, మొదటిసారి హెడ్‌మాస్టర్ అయ్యాడు.

ష్లైట్స్: సమస్యను చేతికెత్తుకున్న ఏళ్లు

ష్లైట్స్ తూర్పు టురింగియాలో చిన్న పట్టణం. అప్పట్లో రాయిస్ వంశపు చిన్న శాఖ ఏలిన సంస్థానంలో ఉండేది. సామ్రాజ్యపు పటంలో వేలికొనంత రాజ్యం. అక్కడి గిమ్నాజియం డిరెక్టర్‌గా ఆయన ఉన్నది 1876 వరకు. తన బడి వరకు ఒకే రాత ఉండాలని నియమాలు తయారుచేయడం, ఉపాధ్యాయులంతా వాటి ప్రకారమే దిద్దేలా చూడడం ఆయన పెట్టుకున్న పని. 1871 నాటి షూల్‌ప్రోగ్రామ్‌లో జర్మన్ వర్ణక్రమం, అంటే స్పెల్లింగు, మీద వ్యాసం అచ్చయింది. 1872లో అది పెరిగి పుస్తకమై లైప్‌జిగ్‌లోని టాయిబ్నర్ ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. దాన్ని నేటికీ 'ష్లైట్స్ డూడెన్' అంటారు. చర్చ, నియమాలు, పదాల పట్టిక అని అందులో మూడు భాగాలు.

అప్పట్లో పండితుల మధ్య రెండు పక్షాలు ఉండేవి. భాషాశాస్త్రవేత్త యాకోబ్ గ్రిమ్ అడుగుజాడల్లో నడిచినవారు మాట చరిత్రను బట్టి రాయాలన్నారు. ఉదాహరణకు చెంచాను ఇప్పుడు అందరూ 'లోఫెల్' అని పెదవులు గుండ్రంగా చుట్టి పలికినా, మధ్యయుగపు జర్మన్‌లో అది 'లెఫెల్' కాబట్టి అలాగే రాయాలన్నది వాళ్ల వాదం. ఇంకో భాషాశాస్త్రవేత్త రుడోల్ఫ్ ఫాన్ రౌమర్ పక్షం దీనికి ఎదురు. రాత ఉచ్చారణను అనుసరించాలి, అయితే స్థిరపడిన అలవాటును ఉన్నపళంగా కూలదోయకూడదు అన్నారు.

డూడెన్ రౌమర్ వైపు నిలబడ్డాడు. ఆ నిర్ణయానికి హెడ్‌మాస్టర్ అనుభవమే ముఖ్య కారణంగా కనిపిస్తుంది. చరిత్రను బట్టి రాయాలంటే రాసేవాడికి మధ్యయుగపు జర్మన్ తెలిసి ఉండాలి. అది వర్సిటీలో చదివినవాడికి సాధ్యం, పదేళ్ల పిల్లవాడికి, కంపోజిటర్‌కు, దుకాణంలో లెక్కలు రాసేవాడికి సాధ్యం కాదు. రాత పండితుల సొత్తు కాదు, జనమంతటిదీ అన్నది డూడెన్ పట్టు. ఇరవై ఏళ్ల కిందట విప్లవ ప్రదర్శనలో నడిచిన విద్యార్థి ఈ మాటలో ఇంకా కనిపిస్తాడు.

బెర్లిన్, 1876: ఒక సమావేశం ఎందుకు విఫలమైంది

ప్రష్యా విద్యామంత్రి ఆడల్బెర్ట్ ఫాల్క్ 1876 జనవరి 4 నుంచి 15 వరకు బెర్లిన్‌లో ఒక సమావేశం పెట్టాడు. మొత్తం 14 మంది. భాషాశాస్త్రవేత్తలు, బడుల పెద్దలు, అచ్చు, ప్రచురణ రంగాల ప్రతినిధులు వారిలో ఉన్నారు. చర్చకు ఆధారంగా రౌమర్ ముసాయిదా పెట్టారు. ష్లైట్స్ హెడ్‌మాస్టర్‌కు కూడా పిలుపు వచ్చింది. నాలుగేళ్ల కిందటి పుస్తకం తెచ్చిన పిలుపు అది.

సమావేశం ముసాయిదాను దాటి ముందుకు వెళ్లింది. అచ్చు దీర్ఘమని తెలపడానికి రాసే హెచ్ వంటి గుర్తులను చాలా మాటల్లో తీసేయాలని మెజారిటీ తీర్మానించింది. దీని ప్రకారం 'యార్' (సంవత్సరం) అనే మాట మధ్యలో ఉన్న హెచ్ పోవాలి. అయితే అన్ని అచ్చుల దగ్గరా కాదు. ఎ, ఓ, యు రకం అచ్చుల దగ్గర తీసేసి, ఇ, ఐ దగ్గర ఉంచాలి. తర్కం ఎలా ఉన్నా చూసేవారికి ఇది సగం కూల్చి సగం వదిలేసిన గోడలా కనిపించింది. రోజూ చూసే మాటలు రూపం మారిపోవడం పాఠకులకు మింగుడుపడలేదు. పత్రికలు విరుచుకుపడ్డాయి. రాజ్యాల ప్రభుత్వాలు తీర్మానాలను పక్కనబెట్టాయి.

డూడెన్ ఆ తీర్మానాలను సమర్థిస్తూ అదే ఏడాది ఒక పుస్తకం రాశాడు, పేరు 'భవిష్యత్ వర్ణక్రమం'. ఆ భవిష్యత్తు రాలేదు. ఇక్కడ ఆయన తీసుకున్న మలుపే మిగతా కథను నడిపించింది. సంస్కర్తల్లో కొందరు తమ సిద్ధాంతాన్ని పట్టుకుని ఇంకా గట్టిగా పోరాడే దారి పట్టారు. డూడెన్ మంచి స్పెల్లింగు కోసం ఆగకుండా, ముందు ఒకే స్పెల్లింగు సాధిద్దాం అన్న దారికి వచ్చాడు. సిద్ధాంతం కోణంలో చూస్తే ఇది వెనకడుగు. రేపు ఉదయం తరగతికి వెళ్లాల్సినవాడి కోణంలో చూస్తే ఇంకో దారి లేదు.

హెర్స్‌ఫెల్డ్: ఒక మార్కు పుస్తకం

1876లోనే ఆయన హెర్స్‌ఫెల్డ్‌కు మారాడు. ఫుల్డా నది ఒడ్డున ఉన్న ఆ పాత మఠపు పట్టణాన్ని 1866లో ప్రష్యా కలిపేసుకుంది. కాబట్టి డూడెన్ ఇప్పుడు ప్రష్యా రాజ గిమ్నాజియం డిరెక్టర్, ప్రష్యా ప్రభుత్వోద్యోగి. 1905లో పదవీ విరమణ దాకా, 29 ఏళ్లు, ఆ ఒక్క బడిలోనే.

బెర్లిన్ సమావేశం తర్వాత రాజ్యాలు విడివిడిగా కదిలాయి. బవేరియా 1879లో బడులకు నియమాలు ప్రకటించింది. ప్రష్యాలో 1880 జనవరిలో మంత్రి రాబర్ట్ ఫాన్ పుట్‌కామర్ నియమావళి తెచ్చాడు. దాన్ని తయారుచేసింది బాన్ ఆచార్యుడు విల్‌హెల్మ్ విల్‌మన్స్. రెండూ రౌమర్ ఆలోచన మీద కట్టినవే కాబట్టి పోలికలు ఎక్కువ, తేడాలు తక్కువ. డూడెన్ ఆ అవకాశాన్ని వెంటనే పట్టుకున్నాడు. 1880 జులై 7న లైప్‌జిగ్‌లోని బిబ్లియోగ్రాఫిషెస్ ఇన్‌స్టిటూట్ ఆయన 'జర్మన్ భాష సంపూర్ణ వర్ణక్రమ నిఘంటువు'ను విడుదల చేసింది. ప్రష్యా, బవేరియా కొత్త నియమాల ప్రకారం అని శీర్షిక కిందే రాసి ఉంది. సుమారు 27,000 మాటలు, 187 పేజీలు, ధర ఒక మార్కు.

ఈ పుస్తకాన్ని నేటి నిఘంటువులతో పోల్చుకుంటే నిరాశ కలుగుతుంది. ఎక్కువ మాటలకు అర్థాలే ఉండవు. వరసగా మాటలు, అవసరమైన చోట ఒకటి రెండు వివరాలు, అంతే. దాని బలం కూడా అదే. నియమాల పుస్తకం ఏం చెప్తుంది? ఫలానా రకం మాటల్లో ఫలానా అక్షరం రాయాలంటుంది. అది వాడాలంటే చేతిలో ఉన్న మాట ఏ రకమో ముందు తేల్చుకోవాలి. 1880 ప్రష్యా నియమాన్నే చూడండి. మాట చివర టి తర్వాతి హెచ్ తీసేయాలి, కాబట్టి ధైర్యం (మూట్) మాటలో అది పోయింది. జంట అచ్చు వచ్చేచోట, 'ఈ' దీర్ఘం విడిగా కనిపించేచోట తీసేయాలి, కాబట్టి భాగం (టైల్), జంతువు (టీర్) మాటల్లో పోయింది. మిగతా దీర్ఘాచ్చుల ముందు మాట మొదట్లో ఉంచాలి, కాబట్టి లోయ, తలుపు, కన్నీరు మాటల్లో ఉండిపోయింది. ఈ తర్కాన్ని రాత్రి పది గంటలకు పత్రిక కంపోజ్ చేసేవాడు తలలో తిప్పుకుంటూ కూర్చోలేడు. అతనికి కావాల్సింది ఆ మాట, దాని రాత. డూడెన్ సరిగ్గా దాన్ని, జేబుకు భారం కాని ధరకు ఇచ్చాడు.

అదే 1880లో చాన్సలర్ బిస్మార్క్ కొత్త స్పెల్లింగును సామ్రాజ్య ప్రభుత్వ కార్యాలయాల్లో వాడకూడదని, వాడితే శిక్ష అని ఉత్తర్వు ఇచ్చాడు. దాంతో పరిస్థితి ఇలా తయారైంది: గిమ్నాజియంలో 'భాగం' మాటను హెచ్ లేకుండా రాస్తే మార్కు, ఉంచితే తప్పు. అదే కుర్రవాడు చదువు ముగించి గుమాస్తాగా చేరితే హెచ్ ఉంచితే ఒప్పు, తీసేస్తే శిక్ష. తొమ్మిదేళ్లు నేర్పినదాన్ని మొదటి రోజే మర్చిపొమ్మనడం ఉపాధ్యాయులకు ఎంత బాధాకరమో చెప్పనక్కర్లేదు.

పోటీ ఎలా తేలిందన్నది గమనించాలి. ఆఫీసులది ఉత్తర్వు బలం, బడులది కాలం బలం. ఏటా ఒక కొత్త తరం కొత్త రాతతో బయటికి వస్తుంది. వాళ్లే రేపటి పాఠకులు, విలేకరులు, ప్రూఫ్ రీడర్లు. అచ్చు సంస్థలు ఒక్కొక్కటిగా బడి రాతకు మారాయి. 1892లో స్విట్జర్లాండ్ ప్రభుత్వం డూడెన్ పుస్తకాన్ని ప్రమాణంగా తీసుకుంది. పరాయి దేశపు ప్రభుత్వం తన పుస్తకాన్ని అంగీకరించిన నాటికి, సొంత సామ్రాజ్యంలో ఆఫీసుల మీద నిషేధం ఇంకా కొనసాగుతూనే ఉంది.

1901: ఏకత్వం, దాని ధర

1901 జూన్ 17 నుంచి 19 వరకు బెర్లిన్‌లో రెండో సమావేశం జరిగింది. మొదటిది 12 రోజులు సాగితే ఇది 3 రోజుల్లో ముగిసింది. కారణం సులభం: వాడుకే అప్పటికి చాలావరకు తీర్పు చెప్పేసింది. జర్మన్ రాజ్యాల, ఆస్ట్రియా ప్రతినిధులు కూర్చుని ప్రష్యా బడి రాతను కొద్ది మార్పులతో ఆమోదించారు. లోయ, తలుపు, కన్నీరు మాటల్లో మిగిలిన హెచ్ కూడా ఇప్పుడు పోయింది. గ్రీకు మూలం నుంచి వచ్చిన సింహాసనం (ట్రోన్) వంటి మాటల్లో మాత్రం ఉంచారు. అది ఈనాటికీ ఉంది. 1903 నుంచి ఆఫీసుల్లో, బడుల్లో కొత్త రాత తప్పనిసరి అయింది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కూడా కలిసివచ్చాయి. మూడు దేశాలకు ఒకే రాత రావడం జర్మన్ చరిత్రలో అదే మొదటిసారి.

సమావేశంలో డూడెన్ ఉన్నాడు, అప్పటికి 72 ఏళ్లు. అది ఆయన కోరుకున్న రాత కాదు. ఈ వర్ణక్రమం గొప్ప కళాఖండమేమీ కాదని, దాని తయారీలో పాలుపంచుకున్నవారికే ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసని ఆయన తర్వాత బాహాటంగానే చెప్పాడు. సరళం చేసే పని తర్వాతి తరం అందుకోవాలన్నది ఆయన ఆశ. అది జరగడం మరింత కష్టం కావడానికి ఆయన విజయమే ఒక కారణమైంది.

ఎలాగంటే, 1901 నియమాలు చాలా మాటలకు రెండు రాతలనూ ఒప్పుకున్నాయి, ముఖ్యంగా విదేశీ మాటలకు. బడిలో అది ఉదారత, అచ్చు కార్యాలయంలో అది తలనొప్పి. మూడు దేశాల ముద్రాపకుల సంఘాలు అడగడంతో డూడెన్ 1903లో వారి కోసం ఇంకో పుస్తకం చేశాడు, 'ముద్రాపకుల డూడెన్'. అందులో ప్రతి మాటకూ వీలైనంతవరకు ఒకే రాత ఎంచి పెట్టాడు. అధికారిక నియమం రెండు దారులు వదిలిన చోట ఒక ప్రైవేటు పుస్తకం ఒక దారిని మూసేసింది. అచ్చు కార్యాలయాలు దాన్ని పాటించడంతో పత్రికలు, పుస్తకాలు, వాటిని చదివే జనం అదే బాట పట్టారు. నియమంలో లేని కట్టుబాట్లు డూడెన్ పేరుతో పెరగడం అక్కడ మొదలైంది.

మనిషి పోయాక పేరు

1905లో ఉద్యోగం విరమించి డూడెన్ వీస్‌బాడెన్ పక్కనున్న జోనెన్‌బెర్గ్‌లో స్థిరపడ్డాడు. 1911 ఆగస్టు 1న అక్కడే కన్నుమూశాడు. ఖననం మాత్రం హెర్స్‌ఫెల్డ్‌లో జరిగింది. నాలుగేళ్ల తర్వాత, 1915లో, సాధారణ నిఘంటువునూ ముద్రాపకుల పుస్తకాన్నీ కలిపి 9వ ముద్రణ వేశారు. పుస్తకం శీర్షికలో 'డూడెన్' చేరింది అప్పుడే. ఆయన బతికుండగా ఆ పేరు రచయిత పేరే తప్ప పుస్తకం పేరు కాదు. ముద్రాపకుల కోసం చేసిన కఠినమైన ఎంపికలు ఈ కలయికతో అందరికీ వర్తించే పుస్తకంలోకి వచ్చేశాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో పాటు డూడెన్ కూడా రెండుగా చీలింది. తూర్పున లైప్‌జిగ్ నుంచి ఒకటి, పశ్చిమాన మన్‌హైమ్ నుంచి ఒకటి. రాజకీయ పదజాలంలో తేడాలు వచ్చినా స్పెల్లింగు చెదరలేదు. రెండు జర్మనీలను కలిపి ఉంచిన కొద్ది విషయాల్లో అదొకటి. 1991లో 20వ ముద్రణతో మళ్లీ ఒక్కటయ్యాయి.

ఈలోగా 1955లో పశ్చిమ జర్మనీ రాష్ట్రాల విద్యామంత్రుల సదస్సు ఒక నిర్ణయం తీసుకుంది: 1901 నియమాలు, వాటి తర్వాతి ఉత్తర్వులే బడులకు ఆధారం, అనుమానం వచ్చిన చోట డూడెన్‌లో ఉన్న రాతే చెల్లుతుంది. వాక్యంలో డూడెన్ రెండో స్థానంలో ఉంది. ఆచరణలో మొదటి స్థానానికి వచ్చింది. ఎందుకంటే నిఘంటువు తెరిచేది అనుమానం వచ్చినప్పుడే. ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థ సంపాదకుల నిర్ణయం కోట్లమంది పిల్లల మార్కులను నిర్ణయించే స్థితి ఇలా వచ్చింది. దీని మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. నియమం చేసేవారికీ పుస్తకం అమ్మేవారికీ మధ్య గీత ఉండాలి.

1996 జులై 1న వియన్నాలో జర్మన్ మాట్లాడే దేశాలు వర్ణక్రమ సంస్కరణ ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు ఆ గీత గీశారు. కొత్త నియమావళి అమల్లోకి రావడంతో 1955 నిర్ణయం డూడెన్‌కు ఇచ్చిన ప్రత్యేక హోదా పోయింది. సంస్కరణ 1998 ఆగస్టు 1 నుంచి బడుల్లో మొదలైంది. హ్రస్వాచ్చు తర్వాత వచ్చే ప్రత్యేక ఎస్ అక్షరం స్థానంలో రెండు ఎస్‌లు రాయడం అందులో అందరి కళ్లకూ కనిపించిన మార్పు. 1876లో లేచినంత దుమారమే మళ్లీ లేచింది. వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. బడుల్లో స్పెల్లింగును నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉందని 1998 జులైలో కోర్టు తేల్చింది. వ్యతిరేకత తగ్గకపోవడంతో 2004లో జర్మన్ వర్ణక్రమ మండలి ఏర్పడింది, 2006లో నియమాలను కొంత సవరించారు. ఇప్పుడు బడులకు, ప్రభుత్వ కార్యాలయాలకు ప్రమాణం ఆ మండలి నియమావళి, దానికి జోడించిన అధికారిక పదాల పట్టిక. దాని ప్రకారం మాటలను కూర్చే నిఘంటువుల్లో డూడెన్ ఒకటి.

హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకునే విద్యార్థికి ఆచరణలో ఇది తెలిస్తే చాలు: పరీక్షలో చెల్లేది మండలి నియమం, రెండు రాతలూ చెల్లే చోట డూడెన్ సూచించేది ఒక సిఫార్సు మాత్రమే. ఆ సిఫార్సును కాదని రెండో రాత రాసినా తప్పు కాదు. 2024లో వచ్చిన 29వ ముద్రణలో సుమారు 1,51,000 మాటలు ఉన్నాయి. 27,000 మాటల మొదటి పుస్తకానికి ఇది ఐదున్నర రెట్లు.